విదేశీ విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఇంగ్లిష్ పరీక్ష: హైదరాబాద్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

బీటెక్ మూడో సంవత్సరం పూర్తవుతుండగానే హైదరాబాద్‌లోని ఎన్నో ఇళ్లలో విదేశీ చదువు ప్రస్తావన మొదలవుతుంది. దానితోపాటే ఐల్ట్స్ రాయాలా, టోఫెల్ రాయాలా, ఏ కోచింగ్‌లో చేరాలి అన్న ప్రశ్నలు వస్తాయి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, హిమాయత్‌నగర్‌లలో ఏ వీధిలో చూసినా శిక్షణ బోర్డులే కనిపిస్తాయి కనుక పాఠాలకు కొదవ లేదు. కొరతంతా విద్యార్థి రాసిన పేజీని చేతిలోకి తీసుకుని, ప్రతి వాక్యాన్నీ దిద్ది, ఏది ఎందుకు తప్పో ఓపికగా చెప్పే మనిషికే. మాక్ టెస్టులు ఎన్ని రాసినా, ఆ తప్పులను ఎవరూ చూపించకపోతే విద్యార్థి అవే తప్పులను మరింత వేగంగా చేయడం నేర్చుకుంటాడు. అందుచేత పరీక్ష ఎంపిక నుంచి ఫలితం వచ్చే దాకా అన్ని దశలనూ ఇందులో వివరిస్తున్నప్పటికీ, దిద్దించుకోవడం అనే విషయానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మొదటి దశ: విశ్వవిద్యాలయం ఏమి అడుగుతోందో చదవడం

ఐల్ట్స్ వంటి పరీక్షల ఫీజు ఇప్పుడు పదిహేను వేల రూపాయలు దాటింది. కాబట్టి స్నేహితుడు రాశాడని తానూ ఒక పరీక్షను ఎంచుకోవడం తగదు. మీరు దరఖాస్తు చేయదలచిన నాలుగైదు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో, మీ కోర్సు పేజీలోనే ఉండే ఇంగ్లిష్ అర్హత నిబంధనను చదివి ఒక కాగితం మీద రాసుకోండి. విశ్వవిద్యాలయం సాధారణ పేజీలో ఒక స్కోరు, కోర్సు పేజీలో అంతకంటే ఎక్కువ స్కోరు ఉండటం మామూలే. న్యాయశాస్త్రం, జర్నలిజం, నర్సింగ్ వంటి కోర్సులు ఇంజినీరింగ్ కోర్సుల కంటే ఎక్కువ అడుగుతాయి.

అక్కడ మూడు విషయాలు చూడాలి. మొదటిది, మీరు రాయదలచిన పరీక్షను వారు అంగీకరిస్తారా అన్నది. రెండోది మొత్తం స్కోరు. మూడోది, చాలామంది చదవకుండా వదిలేసేది, ఒక్కో విభాగంలో ఉండవలసిన కనీస స్కోరు. ఐల్ట్స్‌లో లిజనింగ్ 7.5, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6 వచ్చిన విద్యార్థిని తీసుకోండి. సగటు 6.375 అవుతుంది. ఐల్ట్స్ స్కోరును బ్యాండ్లలో ఇస్తారు, సగటును దగ్గరలోని అర బ్యాండుకు సవరిస్తారు కనుక మొత్తం 6.5గా చూపిస్తారు. ‘మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 6కు తగ్గరాదు’ అని అడిగే విశ్వవిద్యాలయానికి ఈ స్కోరు చాలదు. లిజనింగ్‌లో ఎంత బాగా వచ్చినా రైటింగ్ లోటును అది పూడ్చదు.

పరీక్ష అసలు అవసరమా అన్నది కూడా ఇదే దశలో తేల్చుకోవాలి. డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్లు కాలేజీ ఇచ్చే ధ్రువపత్రాన్ని కొన్ని విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు పన్నెండో తరగతి ఇంగ్లిష్ మార్కులను కూడా పరిగణనలోకి తీసుకుంటాయి. అయితే విశ్వవిద్యాలయం మినహాయింపు ఇచ్చినంత మాత్రాన వీసా నిబంధన తీరిపోయిందని అనుకోవద్దు. ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి విద్యార్థి వీసాకు ఐల్ట్స్ కనీస స్కోరును 5.5 నుంచి 6కు పెంచింది. ఇంటి నుంచి రాసే పరీక్షలను ఆ దేశం వీసా కోసం అంగీకరించదు. బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై స్థాయి కోర్సులకు విద్యార్థి భాషా సామర్థ్యాన్ని విశ్వవిద్యాలయమే నిర్ధారించే వీలుంది. కానీ అది యూకేవీఐ ఐల్ట్స్ (బ్రిటన్ వీసా కోసం ఆమోదించిన ఐల్ట్స్) కావాలని స్పష్టంగా అడిగితే, ఆ పేరుతో ఉన్న పరీక్షనే బుక్ చేయాలి. అమెరికా విద్యార్థి వీసాకు పరీక్ష స్కోరు నిబంధన వేరుగా ఏమీ లేదు. అయినా నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో అధికారి ఎదుట నిలబడి, ఆ కోర్సు ఎందుకు ఎంచుకున్నారో మీ నోటితో మీరే చెప్పవలసి ఉంటుంది. మినహాయింపు దొరికినవారికి కూడా ఇంగ్లిష్‌లో మాట్లాడే సాధన తప్పదు.

రెండో దశ: పరీక్షను ఎంచుకోవడం

ఐల్ట్స్ అకడమిక్‌లో ఫలితం 0 నుంచి 9 బ్యాండ్ల మీద వస్తుంది. విశ్వవిద్యాలయ ప్రవేశానికి అకడమిక్ రూపమే రాయాలి. జనరల్ ట్రైనింగ్ అన్నది ముఖ్యంగా ఉద్యోగాలకు, వలసకు ఉద్దేశించినది. బుకింగ్ సమయంలో ఈ రెండింటి మధ్య పొరపాటు పడితే డబ్బు, సమయం రెండూ పోతాయి. ఇందులో స్పీకింగ్ పరీక్ష మనిషితోనే ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడితే ధైర్యం వచ్చేవారికి ఇది అనుకూలం.

టోఫెల్ ఐబీటీలోనూ పీటీఈ అకడమిక్‌లోనూ మైక్రోఫోన్‌లో మాట్లాడాలి. టోఫెల్ రాసేవారు ఒక విషయం తప్పక గమనించాలి. 2026 జనవరి 21 నుంచి ఈ పరీక్ష రూపం మారింది. రీడింగ్, లిజనింగ్ విభాగాల్లో అభ్యర్థి జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నల స్థాయి మారుతుంది. ఫలితం 1 నుంచి 6 స్కేలు మీద వస్తుంది. మార్పు కాలంలో పాత 120 స్కేలుతో పోలిక కూడా ఇస్తున్నారు. కాబట్టి సీనియర్లు ఇచ్చిన టోఫెల్ పుస్తకాలు, కోఠిలో సగం ధరకు దొరికే పాత ప్రతులు పదజాలానికి పనికొస్తాయేమో గాని ప్రశ్నల నమూనాకు పనికిరావు. పీటీఈ స్కోరు 10 నుంచి 90 వరకు ఉంటుంది. ఫలితం సాధారణంగా రెండు రోజుల్లో వస్తుంది కనుక గడువు దగ్గరపడినవారు దీనివైపు మొగ్గుతారు. డ్యుయోలింగో పరీక్షను ఇంటి నుంచే రాయవచ్చు, ఖర్చు కూడా తక్కువ. అయితే దానిని అంగీకరించే విశ్వవిద్యాలయాల జాబితాను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

ఇంగ్లిష్ మాధ్యమంలో చదివి, రోజూ కంప్యూటర్ మీద పనిచేసే విద్యార్థికి ఈ పరీక్షల మధ్య కష్టంలో పెద్ద తేడా ఉండదు. ‘పీటీఈ తేలిక’ అన్న మాటను నమ్మి ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ పోవడం కంటే, ఒకదాన్ని ఎంచుకుని దానితోనే నిలబడటం మేలని నా అభిప్రాయం. ఇక్కడి నుంచి ఐల్ట్స్‌ను ఆధారంగా తీసుకుని వివరిస్తాను. సాధన పద్ధతులు మిగిలిన పరీక్షలకూ చాలావరకు వర్తిస్తాయి.

మూడో దశ: గడువు నుంచి వెనక్కి లెక్క వేయడం

ఆగస్టు, సెప్టెంబరులలో మొదలయ్యే కోర్సులకు మంచి విశ్వవిద్యాలయాల దరఖాస్తు గడువులు అంతకుముందు డిసెంబరు, జనవరి నెలల్లోనే ముగుస్తాయి. స్కోరు అప్పటికి చేతిలో ఉండాలంటే అక్టోబరులో పరీక్ష రాయాలి. ఒకవేళ మళ్లీ రాయవలసి వస్తే నవంబరు మిగులుతుంది. అంటే సాధన జూన్, జూలైలలో మొదలుకావాలి. సెమిస్టర్ పరీక్షలు, ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు, ప్రాజెక్టు పనులు ఈ మధ్యలోనే వస్తాయి కనుక వాటి తేదీలను కూడా అదే క్యాలెండరులో గుర్తించండి. స్కోరు రెండేళ్లపాటు చెల్లుతుంది. అందుచేత కాస్త ముందుగా రాసినందువల్ల నష్టం లేదు.

పాస్‌పోర్టు సంగతి కూడా ఇప్పుడే చూడాలి. మన దేశంలో ఐల్ట్స్‌కు గుర్తింపు పత్రంగా అసలు పాస్‌పోర్టునే చూపించాలి. ఆధార్ కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు చెల్లవు. తెలుగువారి పేర్లతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత ఉంటాయి. కొందరికి ఇంటిపేరు స్థానంలో ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉండి, పేరంతా రెండో గడిలో చేరిపోతుంది. పరీక్షకు నమోదు చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, అవే గడుల్లో రాయాలి. దరఖాస్తులోనూ, స్కోరు పత్రంలోనూ, వీసా ఫారంలోనూ ఒకే రూపం ఉండాలి. పాస్‌పోర్టులోనే తప్పు ఉంటే, పరీక్ష బుక్ చేయకముందే దానిని సరిచేయించుకోండి.

నాలుగో దశ: ఉన్న స్థాయిని తెలుసుకోవడం

సాధన మొదలుపెట్టే ముందే, ఏమీ చదవకుండా, ఒక పూర్తి పరీక్షను గడియారం పెట్టుకుని రాయాలి. కేంబ్రిడ్జ్ ప్రచురించే నమూనా ప్రశ్నపత్రాల పుస్తకాలు ఇందుకు నమ్మదగినవి. అధికారిక వెబ్‌సైట్లలోనూ ఉచిత నమూనాలు ఉన్నాయి. లిజనింగ్‌కు సుమారు 30 నిమిషాలు, రీడింగ్‌కు 60 నిమిషాలు, రైటింగ్‌కు 60 నిమిషాలు పడతాయి. మధ్యలో ఫోను ముట్టుకోకూడదు. లిజనింగ్, రీడింగ్‌లలో 40 చొప్పున ప్రశ్నలు ఉంటాయి. స్థూలంగా 23 సరైన జవాబులకు 6 బ్యాండ్, 30కి 7, 35కి 8 వస్తాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దు.

ఈ మొదటి ఫలితం చూసి దిగులుపడవలసిన పని లేదు. ఏ విభాగంలో ఎంత దూరం ఉందో తెలుసుకోవడానికే ఇది. సాధనకు పెట్టుకున్న సమయంలో సగం, కావలసిన స్కోరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న విభాగానికి ఇవ్వండి. మన విద్యార్థుల్లో ఎక్కువమందికి అది రైటింగే అవుతుంది.

లిజనింగ్: వినే అలవాటు, రాసే జాగ్రత్త

ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో వెళ్లే విద్యార్థికి రోజూ దాదాపు గంట సమయం చేతికి దొరుకుతుంది. ఆ గంటలో సబ్‌టైటిళ్లు లేకుండా బీబీసీ రేడియో కార్యక్రమాలో, విశ్వవిద్యాలయ ఉపన్యాసాలో వినడం చాలు. పరీక్షలో బ్రిటిష్ ఉచ్చారణతోపాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా ఉచ్చారణలు కూడా వినిపిస్తాయి. సినిమాలు, సిరీస్‌లు చూసి అమెరికన్ ఉచ్చారణకు మాత్రమే అలవాటుపడినవారు మిగిలినవాటిని ప్రత్యేకంగా వినాలి.

మార్కులు పోయేది అర్థం కాకపోవడం కంటే అజాగ్రత్త వల్లే ఎక్కువ. మొదటి భాగంలో పేరు, చిరునామా, ఫోను నంబరు వంటి వివరాలను నింపాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘జీ’కి ‘జే’కి, ‘ఏ’కి ‘ఈ’కి మధ్య తడబాటు, ‘డబుల్ త్రీ’ అన్నప్పుడు ఒకే మూడు రాయడం, పదమూడుకు ముప్పైకి తేడా పట్టకపోవడం ఇక్కడ మామూలుగా కనిపిస్తాయి. ఇద్దరు స్నేహితులు కూర్చుని, ఒకరు పేర్లను అక్షరం అక్షరం చెబుతుంటే మరొకరు రాసుకుంటే ఈ లోపం కొద్ది రోజుల్లోనే పోతుంది. మాట్లాడేవారు ముందొక తేదీ చెప్పి, వెంటనే ‘కాదు, ఆ రోజు కుదరదు’ అని మరొకటి చెబుతారు. జవాబు రెండోదే అవుతుంది. ‘రెండు పదాలకు మించరాదు’ అన్నచోట మూడు పదాలు రాస్తే, విన్నది సరైనదే అయినా మార్కు రాదు. స్పెల్లింగ్ తప్పినా రాదు. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ చెల్లుతాయి. ఒక ప్రశ్న తప్పిపోతే దానిని అక్కడే వదిలేసి తర్వాతి ప్రశ్న మీద చెవి పెట్టాలి. ఆడియో ఒక్కసారే వినిపిస్తుంది.

రీడింగ్: ఉన్నదే చదవడం

అరవై నిమిషాల్లో మూడు పెద్ద వ్యాసాలు చదవాలి. పోనుపోను వ్యాసాలు కఠినమవుతాయి కనుక మొదటిదాన్ని పదిహేను, పదహారు నిమిషాల్లో ముగించే అలవాటు చేసుకోవాలి. రోజూ ‘ది హిందూ’లో ఒక సంపాదకీయం చదివి, ఒక్కో పేరా సారాంశాన్ని ఒక్కో వాక్యంలో రాస్తే, పేరాలకు శీర్షికలు జతపరిచే ప్రశ్నలకు దానంతటదే సాధన జరుగుతుంది.

అందరినీ ఇబ్బందిపెట్టేవి ‘నిజం, అబద్ధం, చెప్పలేదు’ అనే మూడు ఎంపికల ప్రశ్నలు. ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యాసంలో ఇలా ఉందనుకోండి: ‘చెరువు తవ్విన తర్వాతి దశాబ్దంలో చుట్టుపక్కల గ్రామాల్లో వరి సాగు పెరిగింది.’ మొదటి ప్రకటన: ‘చెరువు తవ్వకముందు ఆ గ్రామాల్లో వరి పండేదే కాదు.’ ఇది అబద్ధం. సాగు పెరిగిందంటే అంతకుముందు ఎంతో కొంత ఉన్నట్లే. రెండో ప్రకటన: ‘చెరువు నీటి వల్లే వరి సాగు పెరిగింది.’ చాలామంది దీనిని నిజమంటారు. కానీ వ్యాసం తర్వాత పెరిగిందన్నదే గాని, దానివల్ల పెరిగిందని అనలేదు. ఆ దశాబ్దంలో వరికి ధర పెరిగి ఉండవచ్చు, వానలు బాగా పడి ఉండవచ్చు. కనుక దీనికి జవాబు ‘చెప్పలేదు’. మనకు తెలిసిన లోకజ్ఞానాన్ని వ్యాసంలోకి చొప్పించకుండా అక్కడున్న మాటలతోనే తేల్చడం అలవాటైతే, ఈ తరహా ప్రశ్నల్లో పోయే మార్కుల్లో చాలావరకు తిరిగి వస్తాయి. తప్పు జవాబు ఇచ్చిన ప్రతి ప్రశ్నకూ, సరైన జవాబును నిరూపించే వాక్యాన్ని వ్యాసంలో వెతికి కింద గీత గీయండి. ఆ పని చేయకుండా మరో పరీక్షకు వెళ్లవద్దు.

రైటింగ్: దిద్దించుకోకపోతే ముందుకు సాగని విభాగం

గంట వ్యవధిలో రెండు పనులుంటాయి. మొదటి దానిలో ఒక గ్రాఫునో, పట్టికనో, మ్యాపునో, తయారీ ప్రక్రియనో కనీసం 150 పదాల్లో వివరించాలి. రెండో దానిలో కనీసం 250 పదాల వ్యాసం రాయాలి. రెండోదానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ ఉంది కనుక మొదటిదానికి 20 నిమిషాలు, రెండోదానికి 40 నిమిషాలు కేటాయించాలి. ప్రశ్నకు తగిన జవాబు ఇచ్చారా, ఆలోచనలు ఒకదానితో ఒకటి కలిసి సాగుతున్నాయా, పదజాలం ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది అన్న నాలుగు ప్రమాణాలకూ సమానంగా మార్కులు వేస్తారు. అంటే వ్యాకరణం, పదజాలం కలిపి సగం. మిగిలిన సగం ఆలోచనకు, అమరికకు.

మొదటి పనిలో ప్రతి అంకెనూ వరుసగా రాసుకుంటూ పోవడం పెద్ద లోపం. ముందుగా గ్రాఫు మొత్తంలో కంటికి కొట్టొచ్చినట్లు కనిపించే రెండు విషయాలను అంకెలు లేకుండా ఒక చిన్న పేరాలో చెప్పాలి. బస్సు ప్రయాణికులు తగ్గుతూ, రైలు ప్రయాణికులు పెరుగుతూ ఒకచోట ఆ రెండు గీతలు కలుసుకున్నాయంటే, ముందు చెప్పవలసినది అదే. కారణాలు ఊహించి రాయకూడదు.

రెండో పనికి ఒక ప్రశ్న చూద్దాం: ‘నగరాల్లో రోడ్లను వెడల్పు చేయడం కంటే ప్రజా రవాణా మీద ప్రభుత్వం ఎక్కువ ఖర్చు పెట్టాలి. మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?’ నేను దిద్దే వ్యాసాల్లో తరచుగా కనిపించేది ఏమిటంటే, ఒకే పేరాలో కాలుష్యం తగ్గుతుంది, ప్రమాదాలు తగ్గుతాయి, పెట్రోలు ఆదా అవుతుంది, పేదలకు మేలు జరుగుతుంది అని నాలుగు వాక్యాల్లో నాలుగు విషయాలు చెప్పి, దేనినీ వివరించకుండా తర్వాతి పేరాకు వెళ్లిపోవడం. దానికి బదులు ఒక్క విషయమే తీసుకోండి. వెడల్పు చేసిన రోడ్డు ఖాళీగా కనిపిస్తే, అప్పటిదాకా బస్సులో వెళ్లేవారు కూడా సొంత బండి తీస్తారు, దాంతో కొన్నాళ్లకే రోడ్డు మళ్లీ నిండిపోతుంది. ఇది వాదం. ఇంటి దగ్గర మెట్రో ఎక్కి ఆఫీసు దగ్గర దిగగలిగే ఉద్యోగి బండిని ఇంట్లోనే వదిలి వెళ్తాడు, స్టేషన్ నుంచి ఆఫీసుకు బస్సు దొరకని ఉద్యోగి వదలడు. ఇది ఉదాహరణ. కాబట్టి రైలు మార్గాలతోపాటు స్టేషన్లను కలిపే బస్సుల మీద కూడా ఖర్చు పెట్టాలి. ఇది ముగింపు. ఇంత స్పష్టమైన ఆలోచన ఉన్న పేరా సాదా ఇంగ్లిష్‌లో ఉన్నా మంచి బ్యాండు తెస్తుంది.

కోచింగ్‌లలో పంచిపెట్టే రెడీమేడ్ వాక్యాల విషయంలో నా మాట గట్టిగానే చెబుతాను: వాటిని బట్టీ పట్టవద్దు. ఏ వ్యాసానికైనా అతికే ఆరంభ వాక్యాలను పరీక్షకులు ఎన్నో వందల పత్రాల్లో చూసి ఉంటారు. బట్టీ పట్టిన భాగానికి మార్కులు రావు. పైగా ఆడంబరమైన మొదటి వాక్యం పక్కన విద్యార్థి సొంత వాక్యం మరింత బలహీనంగా కనిపిస్తుంది.

ఇక తప్పుల విషయం. తెలుగు మాట్లాడేవారి ఇంగ్లిష్‌లో కొన్ని తప్పులు పదేపదే వస్తాయి. మన భాషలో ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ లేవు కనుక వాటిని వదిలేయడమో, అవసరం లేని చోట పెట్టడమో జరుగుతుంది. ‘వచ్చి, చూసి, కొనుక్కుని వెళ్లాడు’ అని క్రియలను గొలుసుగా కట్టే అలవాటు వల్ల ‘అండ్’లతో, కామాలతో సాగే అంతులేని వాక్యాలు పుడతాయి. ‘డిస్కస్ అబౌట్’, ‘కెన్ ఏబుల్ టు’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ వంటి ప్రయోగాలు మన మధ్య ఎంత సహజంగా చెల్లిపోతున్నాయంటే, ఎవరైనా చూపిస్తే తప్ప అవి తప్పులని తెలియదు.

అందుకే ఒక తప్పుల నోటుబుక్కు పెట్టుకోవాలి. ఎడమవైపు మీరు రాసిన వాక్యం, కుడివైపు దిద్దిన వాక్యం, కింద ఏ రకం తప్పో ఒక్క ముక్కలో. వారానికి రెండు వ్యాసాలు చాలు. కానీ ప్రతి వ్యాసాన్నీ దిద్దించుకున్నాక, మొదటి ప్రతిని చూడకుండా మళ్లీ పూర్తిగా రాయాలి. ఈ రెండోసారి రాయడంలోనే అసలు నేర్చుకోవడం జరుగుతుంది, ఎక్కువమంది వదిలేసేదీ దీనినే. కొత్త వ్యాసం మొదలుపెట్టే ముందు ఆ నోటుబుక్కు ఒకసారి తిరగేయండి. కొన్ని వారాలు గడిచేసరికి మీ తప్పులన్నీ ఐదారు రకాల్లోనే ఇమిడిపోతాయని మీకే కనిపిస్తుంది. అప్పుడు రాసిన తర్వాత మిగిలే చివరి ఐదు నిమిషాల్లో దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

ఎవరు దిద్దాలి? మీ కాలేజీ ఇంగ్లిష్ అధ్యాపకులను అడగండి. వారానికి ఒక్క పేజీ దిద్దమని మర్యాదగా అడిగితే కాదనేవారు తక్కువ. తార్నాకలోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయం 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే పుట్టిన సంస్థ. అక్కడ చదువుకుంటున్నవారో, చదివి వచ్చినవారో మీ పరిచయస్తుల్లో ఉంటే వారి సాయం ఎంతో విలువైనది. కృత్రిమ మేధ పరికరాలు కూడా వ్యాకరణ దోషాలను చూపిస్తాయి. అయితే వ్యాసాన్ని తిరగరాసి ఇమ్మని వాటిని అడగవద్దు. తప్పులను మాత్రమే చూపించమని అడిగి, సవరణ మీరే చేయండి. అవి చెప్పే బ్యాండు అంచనాను లెక్కలోకి తీసుకోవద్దు.

కంప్యూటర్ మీద పరీక్ష రాసేవారు మొదటి నుంచీ టైపింగులోనే సాధన చేయాలి. పరీక్షలో స్పెల్లింగ్ దిద్దే సౌకర్యం ఉండదు. కాబట్టి ఇంట్లో కూడా దానిని ఆపివేసి రాయండి.

స్పీకింగ్: సొంత మాట

11 నుంచి 14 నిమిషాల సంభాషణ ఇది. మొదట ఊరు, చదువు, అలవాట్ల వంటి పరిచయ ప్రశ్నలు, తర్వాత ఒక అంశం మీద రెండు నిమిషాల దాకా ప్రసంగం, చివర ఆ అంశానికి సంబంధించిన చర్చ ఉంటాయి. ప్రసంగానికి ముందు ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఇస్తారు.

‘మీ నగరంలో మీరు తరచుగా వెళ్లే ఒక చోటు గురించి చెప్పండి’ అన్నారనుకోండి. 1591లో కట్టిన చార్మినార్ గురించి బట్టీ పట్టిన పేరా చెబితే, ‘మీరు చివరిసారి అక్కడికి ఎప్పుడు వెళ్లారు?’ అన్న ప్రశ్నకే ఆగిపోతారు. దానికి బదులు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నిజంగా వెళ్లే విద్యార్థి ఆ నిమిషంలో కాగితం మీద నాలుగే మాటలు రాసుకుంటాడు: బస్సు, ఎత్తైన పైకప్పు, పోటీ పరీక్షలవాళ్లు, ఫోను బంద్. ఒక్కో మాట మీద అర నిమిషం మాట్లాడితే రెండు నిమిషాలు నిండుతాయి. తర్వాతి ప్రశ్న ఏది అడిగినా అతని దగ్గర జవాబు ఉంటుంది.

సాధనకు ఫోనులో రికార్డు చేసుకోవడం మంచి మార్గం. రెండు నిమిషాలు మాట్లాడి, దానిని విని, అన్నది అన్నట్లు కాగితం మీద రాయండి. ఎన్నిసార్లు ‘యాక్చువల్లీ’ అన్నారో, ఎన్ని వాక్యాలు మధ్యలో వదిలేశారో కళ్లకు కనబడుతుంది. ఆ కాగితాన్ని కూడా వ్యాసాన్ని దిద్దించుకున్నట్లే దిద్దించుకోవచ్చు. తెలుగు యాసకు మార్కులు కోయరు, అమెరికన్ యాసను అరువు తెచ్చుకోవలసిన అవసరమూ లేదు. ఎదుటివారికి మాట స్పష్టంగా అందడమే ముఖ్యం. అందుకోసం పదాల చివర ‘ఉ’కారం చేర్చే అలవాటును మానుకోవాలి, ‘జూ’ను ‘జడ్’ అక్షరపు ధ్వనితో పలకడం నేర్చుకోవాలి, పదంలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో నిఘంటువులో విని సరిచూసుకోవాలి.

కోచింగ్ అవసరమా?

తనంతట తాను రోజూ కూర్చోగలిగే విద్యార్థికి లిజనింగ్, రీడింగ్‌లకు కోచింగ్ అవసరం లేదు. చేరదలచుకుంటే డెమో తరగతిలో ఒకే ప్రశ్న అడగండి: వారానికి నా వ్యాసాలు ఎన్ని దిద్దుతారు, ఎవరు దిద్దుతారు? దిద్దిన ఒక పాత పేపరు చూపించమనండి. దాని మీద ఒక టిక్కు, ఒక బ్యాండు అంకె తప్ప ఏమీ లేకపోతే అక్కడ ఫీజు కట్టవద్దు. ఎనిమిదిమంది ఉన్న బ్యాచిలో దిద్దినట్లు యాభైమంది ఉన్న బ్యాచిలో దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు. కచ్చితంగా ఇంత బ్యాండు ఇప్పిస్తామని చెప్పేవారి మాటనూ, ప్రశ్నపత్రం ముందే ఇస్తామని చెప్పేవారి మాటనూ నమ్మవద్దు. రెండోది మోసం, అందులో చిక్కుకుంటే ఫలితం రద్దవుతుంది.

చివరి రెండు వారాలు, పరీక్ష రోజు

ఈ రెండు వారాల్లో కొత్త పదాల జాబితాలు పక్కన పెట్టి, వారానికి రెండు పూర్తి పరీక్షలను అసలు పరీక్ష జరిగే వేళకే రాయాలి. తప్పుల నోటుబుక్కు రోజూ చదవాలి. స్పీకింగ్ స్లాటు అదే రోజు కాకుండా వేరే రోజు కూడా పడవచ్చు కనుక మెయిల్ జాగ్రత్తగా చూసుకోండి. పరీక్ష కేంద్రానికి ముందుగా ఒకసారి వెళ్లి దారి చూసి రండి. వానాకాలంలో బేగంపేట, పంజాగుట్ట వైపు నీళ్లు నిలిస్తే అరగంట ప్రయాణం గంటన్నర అవుతుంది, ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి అనుమతించరు.

స్కోరు కొద్దిలో తప్పితే

ఫలితం వచ్చాక ఒక విభాగంలో అర బ్యాండు తగ్గితే వెంటనే మళ్లీ మొత్తం పరీక్షకు డబ్బు కట్టవద్దు. మూడు దారులు ఉన్నాయి. కంప్యూటర్ మీద ఐల్ట్స్ రాసినవారు 60 రోజుల లోపు ఆ ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే సౌకర్యం ఉంది. అయితే మీ విశ్వవిద్యాలయం ఆ స్కోరును అంగీకరిస్తుందో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. రెండోది పునఃపరిశీలన. స్కోరు పెరిగితే దానికి కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. మిగిలిన విభాగాలన్నీ 7 దాటి రైటింగ్ ఒక్కటే అనూహ్యంగా పడిపోయినప్పుడు దీనిని ప్రయత్నించవచ్చు. నోటుబుక్కులో అవే తప్పులు ఇంకా కనిపిస్తుంటే మాత్రం ఆ డబ్బు వృథా. మూడోది, బ్రిటన్, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో చాలావరకు అసలు కోర్సుకు ముందు కొన్ని వారాలపాటు నడిపే భాషా కోర్సు. తక్కువ స్కోరుతోనే అందులో చేర్చుకుంటారు, కాని దాని ఫీజు, అక్కడ అదనంగా ఉండే ఖర్చు మీరే భరించాలి. వీసా తేదీలు కూడా దానికి తగినట్లు మారతాయి. కాబట్టి ఇంట్లో లెక్కలు వేసుకుని, అడ్మిషన్ కార్యాలయానికి మెయిల్ రాసి, లిఖితపూర్వకంగా జవాబు వచ్చిన తర్వాతే నిర్ణయం తీసుకోండి.